అనాసత్త బొటనవేలు

ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉన్న వేలిముద్ర యంత్రానికీ, అనాసత్తకీ మొదటిరోజు నుంచే పడలేదు.

యంత్రం తప్పేం లేదు. దాని పని గీతలు చూడడం. అనాసత్త బొటనవేలి మీద గీతలంటూ ఉంటే కదా! ఆ ఆసుపత్రి గేటుకి ఎదురుగా తోపుడుబండి పెట్టుకుని, పెళ్ళయిన కొత్తలో మొదలెట్టి జుట్టు నెరిసేదాకా అనాసపళ్ళు చెక్కి ముక్కలు కోసి అమ్మిన మనిషి ఆవిడ. అనాసరసం పుల్లగా, తియ్యగా ఉండి ఊరుకునే రకం కాదు. తాకిన చర్మాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఏళ్ళ తరబడి అందులో నానిన వేళ్ళు అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా తయారయ్యాయి. ఆవిడకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి ఆటోవాళ్ళ దాకా అందరికీ ఆవిడ అనాసత్తే. కోడలికి మాత్రం నిజంగానే అత్త.

రొమ్ములో గడ్డ ఉందని తేలి, మొదటిసారి రోగిగా రోడ్డు దాటి వచ్చిన రోజున యంత్రం ఆవిడ వేలు పుచ్చుకుని, "గుర్తించలేదు, మళ్ళీ ప్రయత్నించండి" అంది. రిసెప్షన్‌లో కళ్ళద్దాలావిడ ఆ వేలిని గుడ్డతో తుడిచింది, తడిపింది, ఊదింది, గట్టిగా నొక్కింది. యంత్రం మాట మార్చలేదు.

"ఎందుకమ్మా నీకీ శ్రమ? నేను రోగిని కానని దానికి తెలుసు. మీకే తెలీదు" అంది అనాసత్త, దర్జాగా.

ఆపరేషన్ అయింది. గడ్డనీ, దాని చుట్టూ ఉన్న కాస్త మంచి కండనీ, చంకలోంచి కొన్ని గ్రంథుల్నీ తీసేశారు. కుడిచేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి చిన్న గాయం కూడా తగలకూడదు, తగిలితే వాచిపోతుంది అని సర్జను మరీమరీ చెప్పాడు. కొడుకు ఆ సాయంత్రమే ఇక కత్తి ముట్టనని తల్లి చేత తన మీద ఒట్టు వేయించుకుని, బండి మీద పట్టా కప్పి, గొలుసు బిగించి, తాళం చెవి తన జేబులో వేసుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి వాడికి తాళాల మీద నమ్మకమెక్కువ.

కత్తి మానేసిన వేలికి మెల్లగా గీతలు మొలిచాయి. ఒకనాడు చెకప్‌కి వెళ్తే, యంత్రం ఆ వేలిని ముట్టుకోగానే కూత పెట్టి, పచ్చదీపం వెలిగించి, తెర మీద ఆవిడ పేరూ, వయసూ, జబ్బూ చూపించింది. కళ్ళద్దాలావిడ "అమ్మయ్య!" అంది. ఆపరేషన్ థియేటర్లోకి జోకులేస్తూ వెళ్ళిన అనాసత్త మాత్రం ఆ పచ్చదీపం చూసి డీలా పడిపోయింది.

కోడలి ఉద్యోగం అదే ఆసుపత్రి పై అంతస్తులోని పరిశోధన ల్యాబులో. చదువుకునే రోజుల్లో ఆ బండి దగ్గర ముక్కలు తినీ తినీ చివరికి బండావిడ కొడుకునే చేసుకుందని ల్యాబులో ఇప్పటికీ ఏడిపిస్తారు. ఆమె చేసే పని ఏమిటో అత్తకి విడమరిచి చెప్పాల్సిన అవసరం పెళ్ళయి ఇన్నాళ్ళయినా రాలేదు. ఆపరేషన్‌కి ముందు, రొమ్ము కేన్సర్ మీదే ఆ పని అని అత్తకి తెలిసిన రోజున వచ్చింది.

"మన కణాల చుట్టూ కొల్లాజెన్ అని సన్నటి తాళ్ళుంటాయి అత్తయ్యా, వలలాగా. ఏ కణాన్ని ఎక్కడుంచాలో అక్కడే పట్టి ఉంచేవి అవే. గడ్డ పక్కకి పాకాలంటే ముందా తాళ్ళు తెగాలి. దానికి పళ్ళా, గోళ్ళా? అందుకని ఎంజైముల్ని వదుల్తుంది. అవి తాళ్ళని కత్తిరించి దారి చేస్తాయి."

"అంటే కత్తెర్లు పట్టుకుని నా ఒంట్లో తిరుగుతోందన్నమాట, దొంగమొహంది!"

"ఆ కత్తెర్లు ఎవరి గడ్డలో ఎంత జోరుగా ఉన్నాయో చూడ్డమే నా పని."

"చూసి?"

"చూసి, వాటిని మొండి చేసే మందు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతాం."

అనాసత్తకి ఈ మాట నచ్చింది. అందుకే, తీసేసే ముక్కల్ని పరిశోధనకి ఇస్తారా అని నర్సు అడిగినప్పుడు సంతోషంగా సంతకం పెట్టేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరి ముక్క ఎవరిదో ల్యాబు వాళ్ళకి తెలియకూడదని పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు. అనాసత్త ఆ నంబరు చీటీ నర్సు చేతిలో ఉండగానే చూసేసింది. మత్తు వదిలాక కోడల్ని చూసి మొట్టమొదట అన్న మాట, "నాది పదిహేడే అమ్మాయ్, బాగా చూసుకో!" కోడలు చెవులు మూసుకునేలోపే చెవిలో పడిపోయింది.

అప్పటినుంచి పదిహేడు గురించి అడగని రోజు లేదు. హాస్టల్లో వేసిన పిల్ల గురించి అడిగినట్టు అడిగేది. "ఇవాళ నా పదిహేడుని చూశావా? చలిపెట్టెలో పెట్టారన్నావు, మరీ అంత చలిలోనా?" కోడలు నవ్వాపుకుని, "చెప్పకూడదు అత్తయ్యా, రూలు" అనేది.

"ఇన్నేళ్ళు నాతో ఉన్నదే! నేను మత్తులో ఉండగా తీసుకుపోయారు. పోయేముందు ఓసారి చూసుకోనైనా చూసుకోలేదు" అందొకసారి అత్త, ఎటో చూస్తూ.

ఆ మాటకి కోడలు కరిగిపోయింది. కరగకూడదు. ల్యాబులో పని చేసేవాళ్ళు కరగడం మొదలెడితే ఇక పరిశోధనలు ఎక్కడ సాగుతాయి? కానీ ఆ గొంతు వింటే మీరూ నేనూ అయినా కరిగేవాళ్ళమే.

ల్యాబుకి పెద్దదిక్కైన పెద్దమేడం ఏదో మీటింగుకి వెళ్ళిన మధ్యాహ్నం, అందరూ భోజనాలకి దిగిన వేళ, కోడలు అత్తని పైకి తీసుకెళ్ళింది. అత్త అప్పుడే వాకింగు నుంచి వచ్చింది. డాక్టరు నడవమన్నాడని ఈమధ్య రోజూ వాకింగుకి పోతోంది. ల్యాబు తలుపుకీ ఒక వేలిముద్ర యంత్రం ఉంది. కోడలు బొటనవేలు ఆనించగానే తలుపు వినయంగా తెరుచుకుంది.

"అబ్బో, నీ వేలికెంత మర్యాదో!" అంది అత్త.

ఫ్రీజర్ లోంచి పదిహేడో నంబరు ట్యూబులు రెండు తీసి ఐసులో పెట్టింది కోడలు. ఒకదాంట్లో గడ్డని నూరి తీసిన రసం. ఇంకోదాంట్లో గడ్డ చుట్టూ ఉన్న మంచి కండని నూరి తీసిన రసం. ల్యాబులో ఆ రెండోదాన్ని గట్టు అంటారు. నూరకుండా మిగిల్చిన ముక్కలు వేరే పెట్టెలో సీలు వేసి ఉన్నాయి.

"ఇంతేనా? దీనికా నన్నంత హడలగొట్టారు?" అంది అత్త వంగి చూస్తూ. గడ్డ ట్యూబుని కోడలు చేతికివ్వబోతే మొహం తిప్పేసుకుంది. "దాన్ని లోపల పెట్టెయ్. దాని మొహం చూడను." రెండో ట్యూబుని మాత్రం తనే ఐసులోంచి తీసుకుని వెలుతురుకి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"పాపం, నువ్వేం తప్పు చెయ్యలేదే తల్లీ. పక్కదాని పాపానికి నువ్వూ పోయావు" అంది. అంటూనే, బండి మీద డబ్బాల మూతలు ఎగరేసే అలవాటు కొద్దీ బొటనవేలితో మూత టప్పున ఎగరేసింది.

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో, తెరవకూడదు!" అంటూ లాక్కుని, మూత బిగించి, రెండు ట్యూబుల్నీ ఫ్రీజర్లో పెట్టేసి, అత్తని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. ఆ రోజే ఆ ట్యూబుని పారేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పారేస్తే ఎందుకు పారేశావని మేడం అడుగుతుంది. అత్తని లోపలికి తెచ్చానని చెప్పాల్సొస్తుంది. క్షణమే కదా తెరిచింది, ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకుంది కోడలు. ఇంత చదువుకున్నా ఏమవుతుందిలే అనుకోవడం మనిషి మానడు.

తర్వాతి వారం పదిహేడో నంబరు వంతు వచ్చింది. 

ఆ పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. కొల్లాజెన్‌ని ఉడికిస్తే జెలటిన్ అవుతుంది. జెలటిన్ కలిపి పలచటి పలకలా పోస్తారు. దాన్నే జెల్ అంటారు. ఒక్కో రసాన్ని ఒక్కో వరసలో పోసి కరెంటుతో కిందికి నడిపిస్తారు. జెల్‌ని రాత్రంతా వెచ్చగా ఉంచితే, రసాల్లోని ఎంజైములు తామున్నచోట జెలటిన్‌ని తింటాయి. మర్నాడు నీలం రంగులో ముంచి తీస్తే జెలటిన్ మిగిలిన చోటంతా నీలం పట్టుకుంటుంది. తిన్నచోటు తెల్లగా ఉండిపోతుంది. తెలుపు కనిపిస్తే కత్తెర్లున్నట్టు. నీలంగానే ఉంటే వల భద్రం.

గడ్డ వరసలో తెల్లటి చారలు పడ్డాయి. పడతాయని తెలిసిందే. గట్టు వరస నీలంగా ఉండాలి. అది పైనుంచి కిందిదాకా తెల్లగా ఉంది.

కోడలు ట్రే అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. కళ్ళు నులుముకుని చూసింది. గట్టు శుభ్రంగా ఉందని, కేన్సర్ కణం ఒక్కటి కూడా లేదని మైక్రోస్కోపు రిపోర్టు ఎప్పుడో వచ్చింది. కణం కనబడకపోయినా దారి ముందే తవ్వేసి ఉంచిందా? అత్త ఒంట్లో మిగిలిపోయిన చోట కూడా ఇలాగే తాళ్ళు తెగుతున్నాయా? మళ్ళీ ఆపరేషనా? లేక ఆపరేషన్‌కి కూడా అందకుండా పోయిందా? ఏడుపొస్తే ఏడవడానికి కూడా లేదు. ఆ వరస ఎవరిదో తనకి తెలియకూడదు కదా!

ఆ రోజునుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. ఫ్యాను స్పీడు గురించీ, టీవీ గొంతు గురించీ అత్తాకోడళ్ళకి రోజూ జరిగే యుద్ధాలు ఆగిపోయాయి. అత్త ఫ్యాను తగ్గించమంటే కోడలు తగ్గించింది. పెంచమంటే పెంచింది. కూరలో ఉప్పు లేదంటే, "అవునత్తయ్యా, నాదే పొరపాటు" అంది. ఉప్పు సరిగ్గానే ఉంది. అత్త ఒట్టినే పరీక్ష పెట్టింది.

"ఏమే, నాతో పోట్లాడ్డం మానేశావేం? నేనేమైనా పోతున్నానా?" అని అడిగేసింది చివరికి.

"అదేం మాటత్తయ్యా!" అని కోడలు వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని, నీళ్ళ చప్పుడులో కడుపారా ఏడ్చింది.

అత్త సంగతీ అంత బాగా ఏం లేదు. ఇల్లంతా నొప్పుల బామ్ ఘాటు. చేయి లాగుతోందంటూ మోచేతిదాకా పట్టించుకుంటోంది. వాకింగు కూడా రోజురోజుకీ పెరిగిపోతోంది. పొద్దున్న వీళ్ళిద్దరూ పనులకి బయల్దేరాక వెళ్ళిన మనిషి మధ్యాహ్నం దాకా రావడంలేదు. "ఇంతసేపు ఎక్కడ నడుస్తున్నావమ్మా?" అని కొడుకడిగితే, "పార్కు పెద్దది కదరా" అంది. ఆ పార్కుని చుట్టి రావడానికి పాలు పొంగేంత సేపు కూడా పట్టదు.

చెకప్ రోజు వచ్చింది. కోడలు బిక్కుబిక్కుమంటూ వెంట వెళ్ళింది. కళ్ళద్దాలావిడ నవ్వుతూ యంత్రాన్ని ముందుకి జరిపింది. అత్త వేలు పెట్టింది.

"గుర్తించలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

"మొన్న బాగానే పట్టిందే!" అని కళ్ళద్దాలావిడ వేలు తుడిచింది, తడిపింది, ఊదింది. యంత్రం ఒప్పుకోలేదు. అత్త మొహం చేటంత అయింది.

"చెప్పాగా, నేను రోగిని కాదని!"

కోడలు ఆ బొటనవేలి వంకే చూస్తోంది. గీతలు లేవు. సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది. మొలిచిన గీతలు ఎలా పోతాయి? కత్తి ముట్టనని కొడుకు మీద ఒట్టేసిన మనిషి వేలు ఎలా అరుగుతుంది? బామ్ ఏ వాసన కప్పడానికి? పార్కెందుకంత పెద్దదైంది? ఒకదాని వెనక ఒకటి కోడలి బుర్రలో దీపాలు వెలిగాయి. అనాసరసంలోనూ ఎంజైముంది. మాంసకృత్తుల్ని తినేది. వేలి మీద గీతల్ని తిన్నది అదే. జెలటిన్ కనబడితే వదుల్తుందా? ఆ వేలే కదా ట్యూబు మూత ఎగరేసింది!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి. నిజమైతే పండగే. కానీ నిజం కాకపోతే? భయపడ్డ మనసు తనకి కావలసిన కారణాన్ని తనే అల్లుకుంటుందని ఆమెకి తెలుసు. పరీక్షలో తేలితేనే నమ్మాలి. పరీక్షకి కాస్త అనాసరసం కావాలి.

మర్నాడు పొద్దున పదిగంటల వేళ, చిన్న ట్యూబొకటి పట్టుకుని ల్యాబు దిగి గేటు దాటింది. బండి మీద పట్టా లేదు. గొలుసు పక్కన చుట్టి పెట్టి ఉంది. లిఫ్టుల మేస్త్రీగారి తాళానికి మారుచెవి ఉన్న సంగతి మేస్త్రీగారికి తప్ప రోడ్డంతా తెలిసినట్టుంది. బండి ముందు జనం. జనం మధ్యలో అనాసత్త, కుడిచేత్తో కత్తి, ఎడంచేత్తో పండు, చెక్కు చుట్టలు చుట్టలుగా రాలుతోంది.

కోడలు వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది.

"పెద్ద ముక్కలా, చిన్న ముక్కలా?" తల ఎత్తకుండా అడిగింది అత్త.

"ముక్కలొద్దత్తయ్యా. ఓ రెండు చుక్కల రసం చాలు."

కత్తి ఆగిపోయింది. అనాసత్త తల ఎత్తి, కోడల్నీ, ఆమె చేతిలో ట్యూబునీ చూసింది. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం బిగుసుకుపోయింది. మరుక్షణం బుకాయింపు మొదలెట్టింది. "ఇవాళే, ఇవాళే ఓసారి చూద్దామని వచ్చా. పళ్ళాయన తెచ్చి పడేస్తే ఏం చెయ్యను? ఎవరు చెప్పారే నీకు?"

"మీ బొటనవేలు చెప్పింది."

అనాలనుకున్నది అంతే. కానీ ఇన్నాళ్ళూ కుళాయి చప్పుడులో దాచుకున్నది ఆగలేదు. నడిరోడ్డు మీద, అంతమంది ముందు, కోడలు భోరుమంది. జెల్ గురించీ, తెల్లటి వరస గురించీ, ఉప్పు లేదంటే ఒప్పుకున్న సంగతి గురించీ కలగాపులగంగా చెప్పేసింది. కొనడానికి వచ్చినవాళ్ళు కాస్త ఎడంగా జరిగారు.

అనాసత్త కత్తి కింద పెట్టింది. "అంటే నాకు మళ్ళీ వచ్చిందా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదు. మీ చేతిరసం వల్లయితే ఏమీ లేనట్టే. కాకపోతే..." కోడలు ట్యూబు ముందుకి చాపింది. "రేపు తెలుస్తుంది."

అత్త చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత బండి మీది పళ్ళన్నీ ఒక్కొక్కటే తట్టి, వాసన చూసి, ఒకటి ఏరింది. కోడలు కత్తి లాక్కుని తనే కోస్తే, ఆ ముక్కని ట్యూబు మీద పిండింది.

"ఇందా, ఇది తీసుకెళ్ళు. డాక్టర్ల పరీక్షకి పుల్లటిదిస్తే నా పరువు పోతుంది" అంది.

"ఎందుకు చేశారత్తయ్యా? చెయ్యి వాచిపోతుందని తెలుసు కదా!"

"ఆ గుమ్మంలో యంత్రం నన్ను రోగినని పట్టేసిందే! అందరూ పట్టేశారు. పెరుగు తెచ్చుకుందామని పోతే కొట్టువాడు అయ్యో పాపం అంటాడు. బస్సెక్కితే లేచి చోటిస్తారు. ఈ బండి దగ్గరైతే ఏమంటారు? త్వరగా కొయ్యి అనాసత్తా, బస్సొచ్చేస్తోందని తిడతారు. ఆ తిట్టు కోసం వచ్చాను" అంది అనాసత్త. కోడలు ఆవిడ జిగురు చేతిని పట్టుకుని నిలబడిపోయింది.

ఆ తర్వాత పెద్దమేడం గదికి వెళ్ళి, దాచకుండా అంతా చెప్పేసింది. పెద్దమేడం కళ్ళు పెద్దవి చేసింది. "రోగిని ల్యాబులోకి తెచ్చావు. ట్యూబు తెరవనిచ్చావు. తెరిచిన ట్యూబుతో పరీక్ష చేశావు. నీకు పీహెచ్‌డీ ఎవరిచ్చారమ్మా?"

"మీరే ఇచ్చారు మేడం."

పెద్దమేడం, తిట్టాల్సినవి ఇంకా ఉన్నా, కుర్చీలోంచి లేచింది. "సీలు వేసిన ముక్క ఉందిగా? తియ్యి. నేనూ వస్తాను."

ఆ పరీక్షలో కిటుకు ఒకటుంది. గడ్డ వదిలే కత్తెర్లకి మధ్యలో లోహపు చీల ఉంటుంది. లోహాన్ని లాగేసే మందు కలిపిన నీళ్ళల్లో జెల్‌ని ఉంచితే చీల ఊడినట్టయి, అవి పనిచెయ్యవు. అనాస కత్తెరకి ఆ లోహం అక్కర్లేదు. అందుకని ఒకేలాంటి జెల్‌లు రెండు పోశారు. ఒకటి మామూలు నీళ్ళల్లో, ఒకటి మందు నీళ్ళల్లో ఉంచారు. గడ్డ రసం, అత్త తెరిచిన గట్టు రసం, సీలు విప్పి అప్పటికప్పుడు నూరిన గట్టు రసం, చివరి వరసలో అనాస. కేన్సర్ ల్యాబు పుట్టాక అనాసరసం ఆ జెల్ మీద నడవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున అనాసత్త ల్యాబు తలుపు బయట బెంచీ మీద వచ్చి కూర్చుంది. కొడుకు లిఫ్టులన్నీ వదిలేసి పక్కన కూర్చున్నాడు. మారుచెవి గురించి తల్లిని తిట్టాలని వచ్చినవాడు ఆ ఊసే ఎత్తకుండా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

లోపల కోడలు ట్రేలు ఊపుతోంది. జెల్ మొదట మొత్తం నీలంగా ఉంటుంది. కడిగే కొద్దీ అక్కర్లేని రంగు పోయి, తిన్నచోట్లు బయటపడతాయి. అనాస వరస అన్నిటికంటే ముందు తెల్లబడింది, పైనుంచి కిందిదాకా. తర్వాత, అత్త తెరిచిన ట్యూబు వరస అచ్చం అలాగే తెల్లబడింది. గడ్డ వరసలో చారలు తేలాయి. మందు నీళ్ళ జెల్‌లో మాత్రం గడ్డ వరస నీలంగానే ఉంది, చీల ఊడిన కత్తెర్లు నోరు మూసుకున్నాయి. అత్త తెరిచిన వరస ఆ నీళ్ళల్లో కూడా తెల్లగానే ఉంది, అనాసలాగే.

"దొంగ అనాసే" అంది పెద్దమేడం.

కోడలు ఆ మాట వినలేదు. ఆమె కళ్ళు మూడో వరస మీద ఉన్నాయి. సీలు విప్పిన గట్టు. రంగు కడిగింది. నీళ్ళు మార్చింది. మళ్ళీ కడిగింది. అది తెల్లబడుతుందేమోనని ఇంకోసారి కడిగింది.

"ఇంక చాలమ్మా. ఎంత కడిగినా అది నీలమే" అంది పెద్దమేడం, భుజం మీద చెయ్యి వేసి.

కోడలు తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. బెంచీ మీద ఇద్దరూ ఒక్కసారి లేచారు.

"నీలం, అత్తయ్యా!"

"నీలమంటే? మంచా, చెడా? సరిగ్గా చెప్పవే!"

"మంచి! ఎవరూ కొరకలేదు. తాళ్ళన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. మీ గట్టుకేం కాలేదు."

అనాసత్త బెంచీ మీద కూలబడింది. కొడుకు లిఫ్టు తలుపు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దమేడం ట్రే పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "మీరు గడప దాటకండి. అక్కణ్ణుంచే చూడండి" అంది.

అనాసత్త తన వరసని చూసింది. "ఏమీ లేదే ఇందులో!"

"ఏమీ లేదత్తయ్యా. అదే కావాలి."

"ఏమీ లేకపోవడాన్ని చూపించడానికి ఇంతమందిని ఇన్నాళ్ళు ఏడిపించారా!" అంటూ ముద్దుగా ఆ వరస మీదికి వేలు చాచింది.

"ముట్టుకోకండి!" అని కోడలూ, పెద్దమేడమూ ఒకేసారి అరిచారు.

తప్పు చేసినందుకు జరగాల్సినవి జరిగాయి. కోడలు సంజాయిషీ రాసిచ్చింది. ఎవరిదో తెలిసిపోయింది కాబట్టి పదిహేడో నంబరుని పరిశోధన నుంచి తీసేశారు. ఆ సంగతి తెలిసి అనాసత్త మండిపడింది. "పాసయ్యాక పేరు కొట్టేస్తారా? ఇదెక్కడి న్యాయం?" అని గేటు దగ్గర కనబడ్డ ప్రతి డాక్టరునీ నిలదీసింది.

ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. బండి ఉండాలని అత్త, కత్తి ఉండకూడదని కొడుకు. చివరికి తీర్పు కోడలు చెప్పింది. అత్త బండి దగ్గర స్టూలు మీద కూర్చుని అమ్ముతుంది, అందరి చేతా తిట్లు తింటుంది. ఆ రోజుకి కావలసిన పళ్ళు పొద్దున్నే కోడలు కోసిచ్చి ల్యాబుకి వెళ్తుంది.

"గ్లవ్స్ వేసుకుని కోస్తాను" అంది కోడలు మొదటిరోజు.

"కత్తి జారుతుందే! పండు చేతికి తెలియాలి" అంది అత్త స్టూలు మీంచి. నాలుగు పళ్ళు పాడుచేశాక కోడలు గ్లవ్స్ తీసేసింది. ల్యాబులో మాత్రం అప్పట్నుంచి జతమీద జత తొడిగేది. పండు కళ్ళు ఎలా తియ్యాలో, నడిమి కాడ ఎంత వదలాలో అత్త చెబుతుంటే, పొద్దున్నే వాళ్ళిద్దరి పోట్లాట గేటు లోపలికి కూడా వినబడేది. ఇప్పుడు కోడలు ఒక్క మాట కూడా వదలడంలేదు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున, పళ్ళు కోసిచ్చి, చేతులు కడుక్కుని, పైకొచ్చి ల్యాబు తలుపుకి బొటనవేలు ఆనించింది కోడలు.

"గుర్తించలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

చీరకొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఊది పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. వేలిని వెలుతురుకి పట్టుకుని చూసుకుంది. గీతలు అరిగి, నున్నగా ఉంది.

"ఏం మేడం, మిమ్మల్ని గుర్తుపట్టట్లేదా?" అన్నాడు వరండాలో కాపలా ఆయన, కుర్చీలోంచి లేస్తూ. "లోపలివాళ్ళని పిలవనా? ఎవరొచ్చారని చెప్పను?"

కోడలు ఆ వేలిని మడిచి గుప్పిట్లో దాచుకుంది.

"అనాసత్త కోడలొచ్చిందని చెప్పండి" అంది.